ఫిగర్ స్కేటింగ్‌లో జంప్ గొప్పా, నాట్యం గొప్పా? మా ఇంట్లో రెండు రోజులుగా మాటల్లేవు

నెల్లిమర్ల పీడీ

నమస్కారం అండి. నెల్లిమర్ల దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో పీడీగా, అంటే ఆటల మాస్టారుగా పనిచేస్తున్నాను. చిన్నప్పుడు కొండవెలగాడలో మా మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నాను. వెయిట్‌లిఫ్టింగ్ బార్ పట్టుకోవడం అక్కడే నేర్చుకున్నాను. ఆ ఊరి సంగతి తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, 2014 కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. నేను రాష్ట్ర స్థాయి దాటలేదు. కానీ ఆ ఆట నాకు ఒక లెక్క నేర్పింది. బరువు లేచిందా, లేవలేదా. లేస్తే ఎన్ని కిలోలో బోర్డు మీద ఉంటుంది, దాని మీద ఎవరూ వాదించరు.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఆరేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది. రెండేళ్ల నుంచి దానికి ఫిగర్ స్కేటింగ్ అంటే ప్రాణం. మన జిల్లాలో మంచు రింక్ ఎక్కడిది, అంతా ఫోన్లోనే. రాత్రి అన్నాలయ్యాక డాబా మీద చాప వేసుకుని ఇద్దరం చూస్తాం. జంప్‌ల పేర్లు అదే నాకు నేర్పింది. ఇప్పుడు లుట్జ్‌కీ ఫ్లిప్‌కీ తేడా ఓ మాదిరిగా పట్టగలను.

పోయిన వారం 2022 బీజింగ్ ఒలింపిక్స్ అమ్మాయిల ఫ్రీ స్కేట్, అంటే రెండు రౌండ్లలో పెద్దది, పెట్టింది. రష్యా అమ్మాయి ట్రుసోవా ఐదు క్వాడ్‌లు దిగింది. ఐదు! గాల్లో నాలుగేసి చుట్లు, నాలుగు నిమిషాల్లో ఐదుసార్లు. చివరికి వెండి పతకం, ఏడుస్తూ కూర్చుంది. నాకు కోపం వచ్చింది. అంత బరువు ఎత్తిన పిల్లకి బంగారం ఇవ్వకపోవడం ఏమిటి అన్నాను. మా అమ్మాయి బంగారం గురించీ వెండి గురించీ మాట్లాడలేదు. కంచు పతకం వచ్చిన జపాన్ అమ్మాయి సకమోటోని వెనక్కి తిప్పి చూపించింది. ఆవిడ దగ్గర ఒక్క క్వాడ్ లేదు, మూడున్నర చుట్ల ట్రిపుల్ ఆక్సెల్ కూడా లేదు. "ఆవిడ జారుతుంటే మన ఒంటికి గాలి తగిలినట్టుంటాది నాన్నా, చూడు" అంది. నేను చూశాను. వేగం కనిపించింది. అంతకు మించి నాకేమీ తెలియలేదు.

ఇంతవరకూ అయితే ఇక్కడ రాయను. వచ్చే నెల దానికి ఒక నాట్య పోటీ ఉంది. పోయినేడు ఇలాంటి పోటీలోనే ఇది పదం అనే పాట ఒకదానికి అభినయం చేసింది, బహుమతి రాలేదు. ఇత్తడి పళ్లెం ఎక్కి, తల మీద నీళ్ల చెంబు పెట్టుకుని తరంగం చేసిన పిల్లకి మొదటి బహుమతి వచ్చింది. జడ్జీల ముందు వరసలోనే నేనున్నాను. అంతసేపూ కాగితాలు చూసుకున్నవాళ్లు పళ్లెం స్టేజి మీదకి రాగానే తల ఎత్తారు. అందుకని ఈసారి తరంగమే చెయ్యమన్నాను. ఇదేమో పళ్లెం వద్దంటోంది. "ఎక్కువ బరువు వేసుకున్నవాడే గెలుస్తాడమ్మా" అన్నాను. అంతే, రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. స్కేటింగ్ చూడటం కూడా ఆగిపోయింది.

నా ప్రశ్న రెండు ముక్కలు. స్కేటింగ్‌లో ఆ అందాన్ని ఎలా తూస్తారు, ఆ తూకాన్ని నమ్మొచ్చా? రెండోది, పిల్ల నాట్యం బాగా చేస్తుందని తెలిసీ కష్టమైన ఫీటు మీదకి నెట్టడం నా తప్పా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

పలాస అబ్బాయి

మాస్టారూ, ముందు ఒక సవరణ. ట్రుసోవా ఆ రోజు ఓడిపోలేదు. ఫ్రీ స్కేట్‌లో మొదటి స్థానం ఆమెదే, 177.13. బంగారం గెలిచిన షెర్బకోవాకి ఫ్రీలో 175.75. పతకం రంగు మారింది అంతకు రెండు రోజుల ముందు, షార్ట్ ప్రోగ్రామ్ అనే చిన్న రౌండులో. అక్కడ ట్రిపుల్ ఆక్సెల్ మీద పడిపోయి 74.60తో నాలుగో స్థానంలో ఉండిపోయింది. షెర్బకోవాకి 80.20. రెండూ కలిపితే 251.73, 255.95. మీ వెయిట్‌లిఫ్టింగ్ భాషలో చెప్పాలంటే, ఉన్న రెండు లిఫ్టుల్లో జెర్క్‌లో గెలిచి స్నాచ్‌లో పోగొట్టుకుంది.

నేను జంప్ పక్షమే, దాచుకోను. మిగతా జంప్‌లన్నిటికీ వెనక్కి జారుతూ పైకి లేస్తారు. ఆక్సెల్ ఒక్కదానికే ముందుకి చూస్తూ లేస్తారు. దిగడం మాత్రం అన్నీ వెనక్కే. అందుకే ఆక్సెల్‌కి అర చుట్టు అదనం. క్వాడ్ ఆక్సెల్ అంటే నాలుగున్నర చుట్లు, గాల్లో ఉండేది సెకను కూడా నిండదు. 2022 సెప్టెంబరులో అమెరికా కుర్రాడు ఇల్యా మలినిన్ పోటీలో మొదటిసారి దాన్ని దిగాడు. అప్పటికి వాడికి పదిహేడేళ్లు. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది. అది కళ కాదని నాకెవరైనా ఎలా చెప్తారు?

ఇంకొక్క మాట. అందంగా స్కేట్ చేసేవాళ్లలో ఎవరు మొదట అంటే చాలామంది యుజురు హాన్యూ పేరే చెప్తారు. 2014లో, 2018లో రెండు ఒలింపిక్ బంగారాలు. అంతటివాడు 2022 ఒలింపిక్స్‌కి ఆ క్వాడ్ ఆక్సెల్ కోసమే వచ్చాడు. పడ్డాడు, నాలుగో స్థానం వచ్చింది. చేతులు తిప్పి, మొహంలో భావం చూపిస్తే చాలనుకుంటే అతనికి ఆ అవసరం ఏముంది? మీ పాపకి పళ్లెం ఎక్కమనే చెప్పండి.

నాగావళి ఒడ్డు

మాది శ్రీకాకుళం. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. కేబుల్ వచ్చిన రోజుల నుంచి ఈ ఆట చూస్తున్నాను కాబట్టి మొదటి ముక్కకి జవాబు నేను చెప్తాను.

ముందు కిలోల సంగతి. మన ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట మల్లీశ్వరి 2000 సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. బంగారం, వెండి వచ్చిన ఇద్దరూ ఎత్తింది సమానమే, 242.5. ఎవరు మొదట అన్నది వాళ్ల ఒంటి బరువు చూసి తేల్చారు. కిలోలు తేల్చలేని చోట అక్కడా మనుషులు ఒక నియమం పెట్టుకున్నారు. స్కేటింగ్‌లో అలా పెట్టుకోవలసినవి ఎక్కువ, అంతే.

ఈ ఆటకి ఫిగర్ అనే పేరు ఎందుకొచ్చిందో మీ అమ్మాయికి చెప్పండి, సరదాపడుతుంది. ఒకప్పుడు స్కేటర్లు బ్లేడుతో మంచు మీద గీతలు గీసేవారు. ఎనిమిది అంకెలాంటి మెలికలు, ఒకే గీత మీద మళ్లీ మళ్లీ. సంక్రాంతికి మన ఆడవాళ్లు వేసే మెలికల ముగ్గు లాంటిదే, చెయ్యి బదులు కాలు. గీశాక జడ్జీలు మంచు మీదకి వెళ్లి వంగి మరీ ఆ గీతని చూసేవారు. మొత్తం మార్కుల్లో సగం దానికే. 1972 సపోరో ఒలింపిక్స్‌లో ఆస్ట్రియా అమ్మాయి బీట్రిక్స్ షూబా ఈ గీతల బలంతోనే బంగారం గెలిచింది. ఫ్రీ స్కేటింగ్‌లో ఆమె బాగా వెనకబడింది. అందరూ చూసి మురిసిపోయిన అమెరికా అమ్మాయి జానెట్ లిన్‌కి దక్కింది కంచు. టీవీలో చూసేవాళ్లకి ఇది మింగుడుపడలేదు. మరుసటి ఏడు నుంచే షార్ట్ ప్రోగ్రామ్ తెచ్చి గీతల వాటా తగ్గించారు. 1990 తర్వాత గీతలే తీసేశారు. కాబట్టి నైపుణ్యమా, అందమా అన్న తగువు మీ డాబా మీద మొదలైంది కాదు, దిగులు పడకండి.

తర్వాత 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో జంటల పోటీ జడ్జింగ్ మీద పెద్ద గొడవ అయ్యింది. చివరికి రష్యా జంటతో పాటు కెనడా జంటకి కూడా బంగారం ఇవ్వాల్సి వచ్చింది. దాంతో ఆరుకి ఇన్ని అని మార్కులు వేసే పాత 6.0 పద్ధతి పోయి ఇప్పటి పద్ధతి వచ్చింది. ఇందులో మార్కులు రెండు కుప్పలు. ఒక కుప్పలో ప్రతి జంప్‌కీ, స్పిన్‌కీ ఒక మూల ధర ఉంటుంది. ట్రిపుల్ లుట్జ్‌కి 5.9, క్వాడ్ లుట్జ్‌కి 11.5, క్వాడ్ ఆక్సెల్‌కి 12.5. ఎంత బాగా చేశారన్నదాన్ని బట్టి జడ్జీలు మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా గ్రేడు వేస్తారు, దాని ప్రకారం మూల ధరలో కొంత శాతం కలుస్తుంది, లేదా పోతుంది. చుట్లు నిండాయా లేదా అన్నది జడ్జీలు కాదు, వేరే బృందం రీప్లే చూసి తేలుస్తుంది. రెండో కుప్ప మీరు అడిగిన అందం. అది ఇప్పుడు మూడు భాగాలు: కూర్పు, ప్రదర్శన, స్కేటింగ్ నైపుణ్యం. ఒక్కోదానికి పదికి ఇన్ని. తొమ్మిది మంది జడ్జీలుంటే అందరికన్నా ఎక్కువ వేసినదీ తక్కువ వేసినదీ వదిలేసి మిగతావాటి సగటు తీస్తారు.

మూడో భాగం పేరు చూడండి మాస్టారూ. స్కేటింగ్ నైపుణ్యం. అందం అని మనం అనుకునే కుప్పలోనే నైపుణ్యం కూర్చుని ఉంది. బ్లేడు ఎంత లోతుగా వాలింది, రెండు తోపుల్లో ఎంత వేగం వచ్చింది, దిశ మారేటప్పుడు చప్పుడు వచ్చిందా లేదా, ఇవన్నీ అందులోకే వస్తాయి. మీ అమ్మాయికి సకమోటో దగ్గర తగిలిన గాలి అదే. అది వట్టి భావన కాదు, కాలి పని. ఆ కాలి పనితోనే ఆవిడ 2022, 2023, 2024, వరసగా మూడేళ్లు ప్రపంచ విజేత అయ్యింది.

నా బాధ వేరే. రెండో కుప్పకి పైకప్పు ఉంది. మగవాళ్ల ఫ్రీ స్కేట్‌లో ఎంత బాగా చేసినా అది వంద దాటదు, ఆడవాళ్లకి ఎనభై దగ్గర ఆగిపోతుంది. మొదటి కుప్పకి కప్పు లేదు. 2024 మాంట్రియల్ ప్రపంచ పోటీల్లో మలినిన్ ఫ్రీ స్కేట్ మార్కులు 227.79. అందులో మొదటి కుప్పే 130 దాటింది. ఇలా అయితే ఇంకో క్వాడ్ నేర్చుకోవడమే లాభం అని ఏ కోచ్‌కైనా అనిపిస్తుంది. అయినా జేసన్ బ్రౌన్ అనే అమెరికన్ ఒక్క క్వాడ్ లేకుండా బీజింగ్‌లో ఆరో స్థానంలో నిలిచాడు. ఆ నాలుగు నిమిషాలూ ఒకసారి మీ అమ్మాయితో కూర్చుని చూడండి.

2010 వాంకూవర్ ఒలింపిక్స్ మగవాళ్ల పోటీ గురించి కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి ముందే చెప్పేస్తాను. క్వాడ్ దిగిన ప్లషెంకోకి 256.36, క్వాడ్ లేని లైసాచెక్‌కి 257.67. అది కళ గెలిచిన రోజని చాలామంది అంటారు. నేనలా అనుకోను. ప్రోగ్రామ్ రెండో సగంలో చేసే జంప్‌లకి అప్పట్లో పది శాతం ఎక్కువ ఇచ్చేవారు. లైసాచెక్ ఆ లెక్క చూసుకుని జంప్‌లు వెనక్కి సర్దుకున్నాడు. లెక్క బాగా కట్టుకున్నవాడు గెలిచాడు.

అయ్యకోనేరు గట్టు

బాబూ, నేను విజయనగరంలో ముప్ఫై ఏళ్ల పైబడి పిల్లలకి నాట్యం చెప్తున్నాను. స్కేటింగ్ గురించి నాకు పెద్దగా తెలియదు. పై పెద్దాయన రాసింది చదివాక మీరు చెప్పిన జపాన్ అమ్మాయిని మా మనవడి ఫోన్లో చూశాను. రెండో ముక్కకి నేను చెప్తాను.

పళ్లెం వేరు, అభినయం వేరు అని మీరు విడగొట్టేశారు. అక్కడే పేచీ వచ్చింది. మన ఊళ్లోనే చూడండి. 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. ఆయన రెండు చేతులతో రెండు తాళాలు, రెండు కాళ్లతో రెండు, తలతో ఒకటి, ఐదు తాళాలు ఒకేసారి వేస్తూ పాడేవారట. అంతకన్నా కష్టమైన ఫీటు ఏముంటుంది? కానీ ఆయన్ని మనం తాళాలు వేసిన మనిషిగా చెప్పుకోం. హరికథా పితామహుడు అంటాం. కథ చెప్పగలిగినవాడి చేతిలో ఆ ఐదు తాళాలకీ విలువ. తప్పెటగుళ్లు చూస్తారుగా, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడతారు. పైవాడు పడతాడేమో అని జనం నోరు తెరిచి చూస్తారు. నేను కిందవాడి చేతులు చూస్తాను. భుజాల మీద అంత బరువు మోస్తూ కూడా వాడి దరువు తప్పదు.

నా పద్నాలుగో ఏట నేను మొదటిసారి పళ్లెం ఎక్కాను. మా గురువు గారు ఎదురుగా కూర్చుని తాళం వేస్తూ నట్టువాంగం పలుకుతున్నారు. రెండు పాదాలూ అంచు మీద ఆనించి, మడమ మీద నుంచి మునివేళ్ల మీదకి బరువు మారుస్తూ జరపాలి. కొత్త పళ్లెం, అంచు పదును, అరికాలు కోసుకుపోయింది. అయినా ఆపలేదు. దిగగానే మెచ్చుకుంటారని నిలబడ్డాను. ఆయన అన్న మాట ఇది: "పళ్లెంని బాగానే చూసుకున్నావమ్మా. కృష్ణుణ్ణి ఎక్కడ వదిలేశావు?" తరంగం అంటే బాలకృష్ణుడి కథ కదా. నా కళ్లు మొత్తం కాళ్ల దగ్గరే ఉన్నాయి. ఆ తర్వాత ఎనిమిది నెలలు నాకు పళ్లెం ఇవ్వలేదు. అదే తరంగం నేల మీద చేయించారు. నేల మీద చూసేవాళ్లు కదలకుండా కూర్చున్న రోజున మళ్లీ ఇచ్చారు.

ఇప్పుడు నేను పోటీలకి జడ్జీగా వెళ్తుంటాను. పళ్లెం ఎక్కిన పిల్లల్లో నేను మొదట చూసేది పాదాలు కాదు, పెదాలు. లోపల లెక్కపెట్టుకుంటుంటే పెదాలు కదులుతాయి. తకిట తకిట అని. అలా కదులుతున్నంతసేపూ ఆ పిల్ల నాట్యం చెయ్యడం లేదు, పళ్లెం దాటుతోంది. మీ జపాన్ అమ్మాయిలో నాకు నచ్చింది కూడా ఇదే. ఎగరబోతున్నట్టు ముందుగా తెలియనివ్వదు. అడుగులో నుంచి ఎగురుతుంది, దిగి మళ్లీ అడుగులోకే వెళ్లిపోతుంది.

పోయినేడు జడ్జీలు పళ్లెం వచ్చాకే తల ఎత్తారన్నారు. అది వాళ్ల తప్పు. ఒక జడ్జీగా చెప్తున్నాను, అభినయం చేసే పిల్ల ముందు కాగితం చూసుకునేవాళ్లకి ఆ కుర్చీలో కూర్చునే అర్హత లేదు. వాళ్ల చూపుని బట్టి మీ పిల్ల ఏం చెయ్యాలో నిర్ణయించకండి. ఇంకొకటి, పళ్లెం ఎందుకు వద్దంటోందో దాన్ని అడిగారా? మీరు రాసిన దాంట్లో ఆ సంగతి నాకు కనబడలేదు.

నెల్లిమర్ల పీడీ

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. అడగలేదు. ఏం చెయ్యాలో చెప్పాను తప్ప ఎందుకని అడగలేదు. మీరన్నాక నిన్న సాయంత్రం ట్యూషన్ నుంచి బండి మీద తీసుకొస్తూ అడిగాను. మొహం కనబడకపోతే పిల్లలు తేలిగ్గా చెప్తారు. "పడిపోతానని కాదు నాన్నా. పళ్లెం ఎక్కితే నా మొహం ఎలా ఉందో నాకు తెలియట్లేదు" అంది. మీ గురువు గారు అడిగింది, ఇది చెప్పింది ఒకటే కదమ్మా. ఇంటికొచ్చి మీ జవాబు దానికే చదివి వినిపించాను. పెదాల సంగతి దగ్గర "నావీ కదుల్తాయి" అంది. రాత్రి మళ్లీ చాప వేసుకున్నాం.

ఈసారి నేను స్టాప్‌వాచ్ పట్టుకుని చూశాను, అది నా అలవాటు. ఒక్కో జంప్‌కి ముందు సిద్ధపడటానికి ఎంతసేపు తీసుకుంటున్నారని. పేర్లు ఎందుకు గానీ, ఒకాయన ప్రతి క్వాడ్‌కీ ముందు రింక్ పొడవునా వెనక్కి జారుతూ, భుజం మీద నుంచి వెనక్కి చూసుకుంటూ, చేతులు బిగించి వస్తాడు. ఆ ఆరేడు సెకన్లు పాట ఎటు పోతోందో ఆయనకి పట్టదు. మా దగ్గర బార్ ముందు నిలబడి ఊపిరి పీల్చుకునే లిఫ్టర్ మొహం అచ్చం అదే. అది తప్పని నేను అనలేను, ఆ మొహం నాకు తెలుసు. సకమోటో డబుల్ ఆక్సెల్‌కి బటన్ నొక్కేలోపే ఆవిడ దిగిపోయింది. తేడా నా వేలికి తెలిసింది.

పెద్దాయనా, మీరు కిలోల గురించి రాశాక మాకు నేర్పినాయన చెప్పిన ఒక మాట గుర్తొచ్చింది. ఒకప్పుడు మా ఆటలో ప్రెస్ అని మూడో లిఫ్ట్ ఉండేది. వెనక్కి ఎంత వంగితే తప్పు అన్నది రిఫరీలు తేల్చలేక 1972 ఒలింపిక్స్ తర్వాత దాన్నే తీసేశారు. ఇప్పటికీ మోచెయ్యి కొంచెం వంగి మళ్లీ చాపితే నో లిఫ్ట్. బరువు పైనే ఉంటుంది, లైట్లు ఎర్రవి వెలుగుతాయి. మొదటి పోస్టులో లేచిందా లేవలేదా అంతే అని రాశాను. అంతే కాదు. ఎలా లేచిందన్నది మేమూ చూస్తాం.

చక్రాల మాస్టారు

నేను విజయనగరంలో పిల్లలకి రోలర్ స్కేటింగ్ నేర్పుతాను, సిమెంట్ కోర్టు మీద. తల్లిదండ్రులు వంద మంది వస్తే దాదాపు అందరూ స్పీడ్ కావాలంటారు. టైమ్ చెప్తే చాలు, ఇంకెవరి మాటా నమ్మక్కర్లేదు కదా. ఆర్టిస్టిక్ అడిగేవాళ్లు అరుదు. మన తెలుగువాడు, హైదరాబాద్‌కి చెందిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో సింగిల్స్‌లో, జంటల్లో కంచు పతకాలు తెచ్చాడని చెప్తే చాలామందికి కొత్తగా ఉంటుంది.

చక్రాల మీదైనా బ్లేడు మీదైనా జంప్ అయ్యాక ఒంటి కాలి మీద, వెనక్కి, ఒక పక్కకి వాలి దిగాలి. పిల్లలు దిగగానే రెండో కాలు పెట్టేస్తారు, ఊపిరి వదిలేస్తారు. నేను నాలుగు లెక్కపెట్టేదాకా ఆ ఒంటి కాలి మీద జారమంటాను. అక్కడే ఏడుపులు. చుట్లు తిరగడం నాలుగు నెలల్లో వస్తుంది, ఆ నాలుగు అంకెలు రావడానికి ఏడాది పడుతుంది. మీ పాప మా కోర్టుకి వస్తే ఒక ఆదివారం చక్రాల మీద నిలబెడతాను, ఫీజు వద్దు. మోకాలి ప్యాడ్లు మాత్రం తెచ్చుకోవాలి.

పలాస అబ్బాయి

టీచరమ్మా, మీ మాట చదివాక మలినిన్ క్వాడ్ ఆక్సెల్ మళ్లీ చూశాను, ఈసారి దిగిన తర్వాతి రెండు సెకన్లు. నేను ఎప్పుడూ అక్కడే వీడియో ఆపేసేవాణ్ణి. నేను జంప్ పక్షమే ఇప్పటికీ. కానీ మాస్టారూ, పళ్లెం ఎక్కమని చెప్పమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది పాపే చెప్పాలి.

నెల్లిమర్ల పీడీ

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించాలి. స్కూల్లో మండల స్థాయి ఆటల పోటీలు వచ్చిపడ్డాయి.

పోటీ పోయిన శనివారం అయిపోయింది. ఏం చెయ్యాలో అదీ వాళ్ల టీచరూ కూర్చుని తేల్చుకున్నారు, నేను నోరెత్తలేదు. తరంగమే, కానీ మొత్తం నేల మీద చేసి, చివరి జతులకి మాత్రం పళ్లెం. చెంబు లేదు, దీపాలు లేవు. దానికి ముందు మూడు వారాలు రోజూ సాయంత్రం డాబా మీద సాధన. నేను కింద నుంచి వినేవాణ్ణి. మొదట్లో పళ్లెం సిమెంట్ మీద కర్రుమని గీసుకుంటూ ఒక చోట ఆగి, మళ్లీ కదిలేది. ఆ ఆగే చోటు ఎక్కడో నాకు కంఠతా వచ్చేసింది. ఒక రోజు ఆగలేదు. మెట్లెక్కి చూద్దును కదా, మా అమ్మ అప్పటికే పైన ఉంది, ఆరేసిన బట్టలు భుజాన వేసుకుని, తియ్యడం మర్చిపోయి నిలబడిపోయింది. పిల్ల వెన్న దొంగిలించే కృష్ణుడిలా అటూ ఇటూ చూస్తోంది. పళ్లెం దాని కింద దానంతటదే వెళ్తున్నట్టుంది. పెదాలు చూశాను. కదలడం లేదు.

పోటీలో రెండో బహుమతి వచ్చింది. పళ్లెం మీద ఒక చోట తాళం జారింది, నేను పట్టుకోగలిగాను. బస్సులో వస్తూ అదే చెప్పింది, "ఆ ఒక్కచోట పెదాలు కదిలాయి నాన్నా" అని. బహుమతి గురించి మాట్లాడలేదు. వాళ్ల నాన్నమ్మ బట్టలు తియ్యడం మర్చిపోయిన సంగతి మాత్రం నలుగురికీ చెప్పింది.

చక్రాల మాస్టారూ, ఆదివారం కోర్టుకి వస్తాం, ప్యాడ్లు కొన్నాను. నాగావళి పెద్దాయనా, మీతో ఒక పని పడింది. ఇప్పుడున్న పళ్లెం అద్దెది, అంచు పల్చన, టీచరమ్మ చెప్పినట్టు అరికాలు కోస్తోంది. బుడితిలో ఇత్తడి పని చేసేవాళ్లు అంచు మందంగా, గుండ్రంగా కొట్టి ఇస్తారా? దాని పాదం కొలత కాగితం మీద గీసి పెట్టాను. ఆపై ఆదివారం పొద్దున్న ప్యాసింజర్‌కి ఆమదాలవలసలో దిగుతాం. మీకు తెలిసినవాళ్లుంటే ఫలానా అని కాస్త ముందుగా చెప్పి ఉంచండి.